గురి ఎంత దూరంలో పెట్టుకోవాలి?

(వెంగళరావు నగర్‌లో ఒక సంఘ సభ్యుని గృహమందు స్త్రీల మైత్రి, యౌవనస్థుల కూటము కలిసి జరిపిన సాయంకాల కూడికలో చేసిన ప్రసంగము)



ఈ కూడికకు నన్ను పిలిచినవారు నాకిచ్చిన అంశము "నా జీవితపు గురి – ఒక చిన్న ఆహార వ్యాపారము". చీటీ చదవగానే నాకు నవ్వు వచ్చింది. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్పారు గాని, ఆవకాయ జాడీకి ధర ఎలా కట్టాలో ఎవరూ నేర్పలేదు. మరొకరిని పిలవండని చెబుదామనుకొన్నాను. కాని ఆ రాత్రి నా ప్రార్థన మనవుల పుస్తకము తిరగవేసి చూశాను. కర్రీ పాయింటు, టిఫిన్ బండి, పచ్చళ్ళు, పుట్టినరోజు కేకులు, బిర్యానీ. ఉద్యోగము కొరకు వచ్చిన మనవుల తరువాత ఎక్కువగా ఉన్నవి ఇవే. వాటిలో ఒక్క దానిలోనూ అంకె లేదు, తేదీ లేదు. "హోటల్ పెట్టాలని ఆశ, ప్రార్థించండి అయ్యగారూ" అని ఉంది. నేను ప్రార్థించాను. అంతకు మించి ఏమీ అడగలేదు.

ఈ ప్రాంతములో ఈ ఆశ పుట్టడములో వింత లేదు. మనకు ఒక ప్రక్క అమీర్‌పేట. కంప్యూటరు కోర్సుల కొరకు జిల్లాల నుండి వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో ఉంటారు. మరొక ప్రక్క కృష్ణానగర్. సినిమాలో వేషము దొరుకుతుందని వచ్చి, ఫిలింనగర్ వైపు చూస్తూ ఇరుకు గదులలో కాలము గడిపేవారు అక్కడ ఉంటారు. వీరిలో చాలామందికి గది ఉంది గాని వంటగది లేదు. గనుకనే ప్రతి సందులోను ఒక కర్రీ పాయింటు కనిపిస్తుంది. అన్నము మాత్రం గదిలో వండుకొని, కూర పొట్లము కొనుక్కొని పోతారు. మనకు వంట వచ్చు, వారికి ఆకలి ఉంది, ఇంకేమి కావాలి అని అనిపిస్తుంది. ఆకలి ఉన్నచోట వ్యాపారము తప్పక నిలుస్తుందనుకోవడము ఎంత పొరపాటో 2020లో చూశాము. లాక్‌డౌన్ రాగానే హాస్టళ్ళు ఖాళీ అయ్యాయి, ఆ పిల్లలను నమ్ముకొన్న పొయ్యిలు ఆరిపోయాయి.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మన సహోదరి ఒకరిది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. పేరు చెప్పను, మీలో తెలిసినవారు ఉంటే మీరూ చెప్పకండి.

ఆమె ఒక ప్రైవేటు ఆఫీసులో చాలా ఏండ్లు పనిచేసి, ఆ ఉద్యోగము పోయిన తరువాత, చేతిలో ఉన్న కొద్ది సొమ్ముతోను, కుదువ పెట్టిన రెండు గాజులతోను మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ అద్దెకు తీసుకొని కర్రీ పాయింటు పెట్టారు. ప్రారంభమునకు నన్ను పిలిచారు. నేను వెళ్ళి వాక్యము చదివి, ప్రార్థించి, రిబ్బను కత్తిరించి, గుత్తి వంకాయ తిని వచ్చాను. వంకాయ చాలా బాగుంది. ఏడు నెలలకు ఆ షట్టర్ మూతపడింది. గాజులు తిరిగి రాలేదు.

మూతపడిన తరువాత ఒక సాయంకాలము ఆమె, నేను, ఆమె పెద్దకుమారుడు కూర్చొని కాగితము మీద లెక్క వేశాము. మొదటి రోజు వేయవలసిన లెక్క అది. షట్టర్ అద్దె నెలకు 25,000. ఇద్దరు పనివారికి జీతము 24,000. రెండూ కలిపి 49,000. పొట్లము ధర 30 రూపాయలు. కూరగాయలు, నూనె, గ్యాసు, కవరు పోగా మిగిలేది 10. అంటే నెలకు 4,900 పొట్లాలు అమ్మాలి. ఆదివారము ఆరాధన కొరకు ఆమె షట్టర్ తెరవరు, గనుక 26 రోజులే. రోజుకు 189 పొట్లాలు. అన్ని అమ్మినా ఆమె చేతికి ఒక్క రూపాయి రాదు; అద్దె, జీతాలు తీరుతాయి, అంతే. ఆమె అమ్మగలిగినది మంచి రోజున 120.

లెక్క చూసి ఆ అబ్బాయి అన్నాడు: "అయ్యగారూ, ఇది ప్రారంభము రోజునే ఓడిపోయిన వ్యాపారము." నాకు ఆ రిబ్బను గుర్తుకు వచ్చింది. గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగిన మాట లూకా 14వ అధ్యాయములో ఉంది. దాని మీద నేను ఎన్నిసార్లో ప్రసంగించాను, శిష్యత్వమును గూర్చి. ఆయన పోలికగా తీసుకొన్నది ఒక సామాన్యమైన ఇంటి లెక్కను. ఆ లెక్కను నేను ఎప్పుడూ లెక్కగా చదవలేదు.

గురి పెట్టుకోవడమే అవిశ్వాసమని తలచేవారు మనలో కొందరున్నారు. ఫలానా పట్టణమునకు వెళ్ళి, ఏడాది ఉండి, వ్యాపారము చేసి లాభము గడిస్తామని చెప్పేవారిని యాకోబు మందలించాడు గదా అంటారు. ఆ భాగమును మరల చదవండి. రేపు తన చేతిలో ఉన్నదని డంబముగా పలికేవానిని ఆయన మందలించాడు. కందిపప్పు కిలో ఎంత, నెలకు ఎన్ని కిలోలు అని వ్రాసుకొనేవానిని కాదు. నిజానికి లెక్క వ్రాసేవానికే రేపు తన చేతిలో లేదని బాగా తెలుస్తుంది.

ఇక్కడ నుండి నడిచి వెళ్ళగలిగినంత దూరములో, యూసుఫ్‌గూడలో ఒక సంస్థ ఉంది. మీరు రోజూ దాని గోడ ప్రక్కగా బస్సులో వెళుతుంటారు. 1960లో ఢిల్లీలో పుట్టి, 1962లో హైదరాబాద్‌కు వచ్చి, చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ అనే పేరుతో చాలాకాలము నడిచింది. పాతవారు సియెట్ అంటారు. 1984లో జాతీయ సంస్థ అయింది, 2007లో మరల పేరు మారింది. ఆ పేర్ల గొడవ మనకు అక్కరలేదు. 1964లో ఆ సంస్థకు కాకినాడ నుండి కొందరు వ్యాపారులు వచ్చారు. ఆ సంగతి మనకు కావాలి.

హార్వర్డ్ విశ్వవిద్యాలయములో డేవిడ్ మెక్‌క్లెలాండ్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఏదైనా ఒక పనిని మునుపటికంటె బాగా చేసి చూపాలనే తపన కొందరిలోనే ఎందుకుంటుంది, దానిని పెద్దవయసులో నేర్పగలమా అని ఆయన ప్రశ్న. దానికి జవాబు వెదకడానికి ఆయన ఎన్నుకొన్న ఊళ్ళలో ఒకటి మన కాకినాడ. అక్కడి 52 మందిని జట్లు జట్లుగా హైదరాబాద్ పిలిపించి, ఇల్లూ దుకాణమూ వదిలి సుమారు పది రోజులు ఒకచోట ఉంచి శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి, శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను కూడా గమనించారు. తరువాత రెండేండ్లు వెంటబడి చూస్తే, శిక్షణ పొందినవారు ఎక్కువ గంటలు పనిచేశారు, క్రొత్త పనులు ఎక్కువగా ప్రారంభించారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. ఈ వృత్తాంతమును ఆయన, డేవిడ్ వింటర్ కలిసి 1969లో గ్రంథముగా ప్రచురించారు.

ఆ శిక్షణలో ఒక ఆట ఉంది. నేల మీద ఒక మేకు. చేతిలో కొన్ని రింగులు. దూరము నీ ఇష్టము. ఎక్కడైనా నిలబడి వేయవచ్చు. కొందరు మేకు నెత్తిమీద నిలబడి వేస్తారు, అన్నీ పడతాయి, ఏమీ నేర్చుకోరు. కొందరు గోడ దాకా వెళ్ళి వేస్తారు. పడితే అదృష్టము, పడకపోతే దూరము మీద నింద. మరికొందరు ఒకటి వేసి చూసి, ఒక అడుగు వెనక్కో ముందుకో జరిగి, తమ నేర్పు పనికివచ్చే దూరములో నిలబడతారు. వ్యాపారములో నిలిచేవారు సాధారణముగా ఈ మూడవవారు అని ఆయన కనుగొన్నాడు.

దీనిని చదివినప్పుడు మన సహోదరి గోడ దాకా వెళ్ళి నిలబడ్డారని నాకు అర్థమైంది. ఆమెను అక్కడ నిలబెట్టినవారిలో మనమూ ఉన్నాము. "విశ్వాసముతో పెద్దది అడగమ్మా" అన్నాము. మెయిన్ రోడ్డు షట్టర్ విశ్వాసమైపోయింది, ఇంటి పొయ్యి అల్పవిశ్వాసమైపోయింది.

ఒక మాట ఒప్పుకోవాలి. కాకినాడ నుండి వచ్చినవారు అప్పటికే వ్యాపారములో ఉన్నవారు. ఒకసారి రింగు తప్పినా మరొకసారి వేయడానికి వారికి సత్తువ ఉంది. గాజులు కుదువ పెట్టి వచ్చే మనిషికి ఒక్క రింగే ఉంటుంది. గనుక మనవారికి మేకు ఇంకొంచెము దగ్గరగానే ఉండాలని నా అభిప్రాయము. ఆ శిక్షణ చివరలో ప్రతివాడు రాబోయే రెండేండ్లలో తాను చేయబోయే పనిని స్పష్టముగా కాగితము మీద వ్రాయాలి. మధ్యమధ్య ఎంతవరకు వచ్చాడో తెలియజేయాలి. ఈ వ్రాయడము, తెలియజేయడము మాత్రం బీదవారికీ అంతే అవసరము. ఇంకా ఎక్కువ అవసరమంటాను.

"మంచి పేరున్న క్యాటరర్ కావాలి" అనేది ఆశ. "ఫలానా నెలాఖరుకు, రోజుకు పది క్యారేజీలు, ఇంటి నుండే, అప్పు లేకుండా" అంటే అది గురి. తప్పితే తప్పిందని తెలుస్తుంది. ఎంత నష్టము వచ్చేసరికి ఆపాలో కూడా ముందే వ్రాయాలి. మనలో చాలామంది మునిగేది మొదటి నష్టముతో కాదు, దానిని తిరిగి రాబట్టుకోవాలని తెచ్చిన రెండవ అప్పుతో. బొంబాయిలో 1959లో ఏడుగురు గృహిణులు 80 రూపాయలు అప్పు తీసుకొని, మొదటి రోజు నాలుగు ప్యాకెట్ల అప్పడాలు చేశారు. మీ ఇండ్లలో వేయించే లిజ్జత్ అప్పడము అదే. నష్టము వచ్చినా ఎవరి చందా అడగకూడదని వారు ముందే నిశ్చయించుకొన్నారు. నాలుగు ప్యాకెట్లు! మనవారైతే ముందు బోర్డు వ్రాయిస్తారు.

ఏ వస్తువు అమ్ముతారో దానినిబట్టి కూడా గురి మారుతుంది. పచ్చళ్ళనే చూడండి. ఆవకాయ వేసవిలో ఒక్కసారే. కాయలు, కారము, ఆవపిండి, నువ్వులనూనె, సీసాలు అన్నిటికీ డబ్బు ఆ నెల రోజులలో పోవాలి. సరుకు మాత్రం సంవత్సరమంతా మెల్లగా కదులుతుంది. అంతవరకు డబ్బు జాడీలో ఊరుతూ ఉంటుంది. పచ్చళ్ళు బాగా పెట్టగలిగి కూడా చెడినవారిలో చాలామందికి అడ్డు వచ్చినది రుచి కాదు, ఈ కాలము. క్యారేజీ భోజనములో అలా కాదు. ఉదయము ఎర్రగడ్డ రైతుబజారులో పెట్టిన డబ్బు నెలాఖరులో తిరిగి వస్తుంది, వారానికి ఒకసారి వసూలు చేస్తే ఇంకా ముందే. లాభము తక్కువైనా, చిన్న చేతికి అది తగినది. అన్నట్టు, ఇంటిలో వండి అమ్మేవారు కూడా 2006 నాటి ఆహార భద్రత చట్టము క్రింద నమోదు చేసుకోవాలి. 14 అంకెల నెంబరు ఇస్తారు. "మనము ఇంట్లోనే గదా" అని మానవద్దు.

తల్లులతో ఒక మాట. లెక్క వేసేటప్పుడు మీరు మరచేది ఒకటుంది, మీ కష్టము. ఉల్లిపాయకు ధర వేస్తారు, ఉప్పుకు వేస్తారు, మీ నాలుగు గంటలకు వేయరు. ఇది మన క్రైస్తవ చరిత్రలోనే ఉన్న పాఠము. నర్సాపురము ప్రాంతములో 19వ శతాబ్దములో మిషనరీలు బీద స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. మంచి తలంపుతోనే నేర్పారు. ఆ లేసు సముద్రాలు దాటి వెళ్ళింది. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ స్త్రీల మధ్య పరిశోధన చేసి 1982లో గ్రంథము ప్రచురించింది. రోజుకు ఎన్నో గంటలు కన్నులు పోయేటట్టు అల్లినా, అది ఇల్లాలు తీరిక వేళల చేసే పని అని అందరూ అనుకొన్నారు గనుక, కూలి చట్టము చెప్పిన కనీసపు వేతనమునకు చాలా తక్కువగా ఉండేదని ఆమె చూపింది. వ్యాపారులు బాగుపడ్డారు. మన శతవార్షికోత్సవాలలో మిషనరీ తల్లులను కృతజ్ఞతతో తలచుకొంటాము, తలచుకోవాలి. ఆ అల్లిన చేతులను కూడా తలచుకోవాలి. మీ పని తీరిక వేళల పని కాదు. సామెతల గ్రంథము చివరి అధ్యాయములోని గుణవతి తన వ్యాపారలాభము ఎంతో తెలిసికొన్న స్త్రీ. ఆమెను మనము మాతృదినోత్సవమునకే పరిమితము చేశాము.

యౌవనస్థులతో చెప్పేది కొంచెమే. ఉద్యోగము మానివేసి బిర్యానీ సెంటరు పెడతానని నా దగ్గరకు వచ్చే తమ్ముళ్ళకు నేను ఒకటే చెబుతున్నాను. ముందు రెండేండ్లు మరొకరి వంటగదిలో జీతానికి పనిచేయి. వంట నేర్చుకోవడానికి కాదు. ఏ రోజు ఎంత బియ్యము కడుగుతారు, మిగిలినది ఏమి చేస్తారు, మసాలా బేగంబజారులో ఎవరి దగ్గర ఏ ధరకు తెస్తారు, వంట మాస్టరు చెప్పకుండా మానివేస్తే ఆ రోజు ఎలా గడుస్తుంది, ఇవి చూడడానికి. పౌలు కొరింథులో దిగగానే సొంత డేరాల దుకాణము తెరవలేదు. ఆ పని చేస్తున్న అకుల ప్రిస్కిల్లల ఇంట చేరి వారితో కలిసి పనిచేశాడు.

సంఘముగా మనలను గూర్చి కూడా చెప్పకుండా వెళితే నేను నిజాయితీగా మాట్లాడినవాడిని కాను. ఆ సహోదరి షట్టర్ మూసిన రోజున ఆమె అరువు పుస్తకములో రావలసినది 14,300 రూపాయలు. అందులో మూడవవంతు మన సంఘ కుటుంబాలదే. పాస్టరుగారి ఇంటి పేరు కూడా ఉంది, 640. మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. ఆమెకు ఉంది, కాని అడగలేదు. ఎలా అడుగుతుంది? మన ప్రేమవిందులకు బయటి క్యాటరర్‌ను పిలిస్తే ప్లేటుకు పూర్తి ధర, సగము అడ్వాన్సు ఇస్తాము. మన సహోదరి అయితే "దేవుని పని గదమ్మా, కాస్త తగ్గించండి" అంటాము. న్యాయమైన తూనికలను గూర్చి లేవీయకాండము చెప్పినది అమ్మేవానికే అనుకొన్నాము. కొనేవాని చేతిలోనూ త్రాసు ఉంది.

ఆ 640 రూపాయలు తీసుకొని నేను వారి ఇంటికి వెళ్ళినప్పుడే ఆమె రెండవ ప్రయత్నము సంగతి చెప్పారు. మొదట నేను భయపడ్డాను. "ఈసారి రిబ్బను లేదు అయ్యగారూ" అని నవ్వారు. ఈ కాలనీలో పిల్లలు అమెరికాలో ఉండి, ఒంటరిగా మిగిలిన వృద్ధ దంపతులు చాలామంది ఉన్నారు. వారికి ఉప్పు, నూనె తగ్గించిన మధ్యాహ్న భోజనము, ఇంటి పొయ్యి మీదనే. క్యారేజీకి 100 రూపాయలు. సరుకు, గ్యాసు, కుమారుని పెట్రోలు పోగా మిగిలేది 38. పది క్యారేజీలు, 26 రోజులు, నెలకు 9,880. రోజుకు నాలుగు గంటల పని. గంటకు 95 రూపాయలు అని ఆమే లెక్క కట్టి చూపించారు. ఆ 95 అనే అంకె క్రింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

గురి ఇలా వ్రాసుకొన్నారు: మూడు నెలలలో పది క్యారేజీలు, అప్పు లేదు, అరువు లేదు, వారము వారము వసూలు, చేతి నుండి 15,000 పోతే ఆపివేయుట. మూడవ నెలాఖరుకు ఎనిమిది అయ్యాయి. పది కాలేదు. నేనైతే ఎనిమిది కూడా దీవెనే అని ప్రార్థన చేసి వచ్చేవాడిని. ఆమె మాత్రం ఆ రెండు ఎందుకు తప్పాయో విడిగా వ్రాసుకొన్నారు. ఒక ఇంటివారు అమెరికా వెళ్ళారు. మరొకరికి పన్నెండున్నరకు భోజనము కావాలి, ఆమెది ఒంటిగంటకు చేరుతోంది. గనుక పొయ్యి అరగంట ముందు వెలిగించాలి, గనుక కూరగాయలు ముందురోజు రాత్రి తరగాలి, గనుక రాత్రి సహాయానికి ఒక మనిషి కావాలి, ఆమె కూలి క్యారేజీ ధరలో కలపాలి. ఇప్పుడు పదకొండు వెళుతున్నాయి. తరువాతి గురి పద్దెనిమిది.

ఆ నోటుపుస్తకములో మూడు నెలలకొకసారి చూసినవారు సంతకము చేయడానికి ఒక గీత గీశారు. మొదటి సంతకము కుమారునిది. రెండవదానికి నన్ను అడిగారు. చేసేముందు కూడికలు, తీసివేతలు అన్నీ నేను మరల వేసి చూశాను. గ్యాసు సిలిండరు ఒకచోట రెండుసార్లు లెక్కలో పడింది, దిద్దుకొన్నాము. తరువాతిది పెంతెకొస్తు ఆదివారము మరునాడు, సాయంకాలము ఐదు గంటలకు.